ఇంటిల్లిపాదికీ కాస్త సరదా: బెంగళూరులో ఏది ఎంచుకుంటే నిలుస్తుంది?

బెంగళూరులో ఇద్దరూ ఉద్యోగాలు చేసే తెలుగు ఇళ్ళలో, వారం మధ్యలో నలుగురూ ఒకచోట కూర్చునే సమయం వెతికితే గానీ దొరకదు. పిల్లల స్కూల్ బస్సు ఏడుంపావుకి, ఆఫీసు క్యాబ్ ఎనిమిదిన్నరకి, సాయంత్రం ట్యూషనో డ్యాన్స్ క్లాసో, రాత్రి అమెరికా వాళ్ళతో కాల్స్. ఈ లోటంతా ఆదివారం ఒక్కరోజులో తీర్చేద్దామని పెద్ద ప్లాన్ వేస్తారు. మాల్, సినిమా, రిసార్ట్, నందికొండ (నంది హిల్స్), ఏదో ఒకటి. తిరిగొచ్చేసరికి పిల్లలు కారులో నిద్రపోతుంటారు, పెద్దవాళ్ళకి తలనొప్పి. మళ్ళీ నెల దాకా ఎవరూ ఆ ఊసెత్తరు.

ఇలాంటి ఆలోచన ఏది వచ్చినా నేను రెండు ప్రశ్నలు వేసుకుంటాను. ఒకటి, రోడ్డు మీద ఎంతసేపు పోతుంది? ఊళ్ళ ట్రాఫిక్ లెక్కలు తీసే టామ్‌టామ్ సంస్థ 2024కి ఇచ్చిన లెక్కలో బెంగళూరులో 10 కిలోమీటర్లు నడపడానికి సగటున 34 నిమిషాలు పట్టింది. అంటే 10 కిలోమీటర్ల దూరంలో ఉన్న మాల్‌కి వెళ్ళి రావడానికే గంట దాటుతుంది, పార్కింగ్ వెతుకులాట దీనికి అదనం. రెండోది, దీనివల్ల ఇంట్లో ఎవరికి పని పెరుగుతుంది? ఈ ప్రశ్న మాత్రం ఎవరూ అడగరు. "సరదాగా పిక్నిక్‌కి వెళ్దాం" అనేది ఒకరు. తెల్లవారుజామున లేచి పులిహోర కలిపేది, డబ్బాలు సర్దేది, తిరిగొచ్చాక వాటిని తోమేది ఇంకొకరు. ఆ ఇంకొకరు ఎవరో చెప్పక్కర్లేదు. అమ్మకి రెండు గంటలు పని పెంచే సరదాని నేను సరదా లెక్కలో వేయను.

ఈ రెండూ పెట్టి చూస్తే రోజూ ఇంట్లో దొరికే ఇరవై నిమిషాలకే నా ఓటు. రెండింటికీ వీలుంటే సరే. ఒకటే కుదురుతుందంటే మాత్రం ఆదివారం షికారు వదిలేసి రోజువారీదే పట్టుకోండి.

వారం మధ్యలో: రాత్రి భోజనమా, పొద్దున టిఫినా?

అందరూ చెప్పే సలహా రాత్రి భోజనం కలిసి చేయమని. కుదిరితే అంతకన్నా కావలసింది లేదు, కానీ అన్ని ఇళ్ళలోనూ కుదరదు. అమెరికా టీముతో పనిచేసే వాళ్ళకి సరిగ్గా ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర మధ్యే కాల్స్ పడతాయి. హెడ్‌సెట్ మెళ్ళో వేసుకుని, మ్యూట్ నొక్కి, పప్పన్నం కలుపుకుంటున్న మనిషి మీ ఎదురుగా కూర్చున్నా లేనట్టే. పిల్లలు ఏదో చెప్పబోతారు, ఆయన వేలు పైకెత్తి "ఒక్క నిమిషం" అంటాడు. ఇలా నాలుగు రోజులు జరిగితే ఐదో రోజు వాళ్ళు చెప్పడమే మానేస్తారు.

అలాంటి ఇంటికి పొద్దున టిఫినే మేలు. ఆ వేళకి ఎవరికీ ఆఫీసు ఫోన్లు రావు. ఇడ్లీ, ఉప్మా ఎలాగూ చేస్తారు కాబట్టి కొత్తగా పెరిగే పనీ లేదు. చేయాల్సిందల్లా విడివిడిగా నిలబడి తినేదాన్ని ఒకేసారి కూర్చుని తినడం. ఇందుకు పిల్లల్ని పావుగంట ముందు లేపాలి, అంటే రాత్రి పావుగంట ముందు పడుకోబెట్టాలి. చిక్కంతా అక్కడే. ఏడు దాటక ముందే బస్సు వచ్చే ఇళ్ళకీ, లేవగానే అరగంట ఏడ్చే వయసు పిల్లలున్న ఇళ్ళకీ పొద్దున సమయం పనికిరాదు. ఐదారేళ్ళ లోపు పిల్లలకైతే నిద్రపుచ్చేటప్పుడు చెప్పే కథే సరైనది. ఆ కథ చెప్పే పని అమ్మానాన్నలు రోజు మార్చి రోజు పంచుకుంటే ఎవరి మీదా భారం పడదు.

రాత్రి భోజనానికి ఒక లాభం మాత్రం ఉంది, ఒప్పుకోవాలి. పిల్లల కడుపులో మాట బయటికొచ్చేది రాత్రిపూటే. కాకపోతే "స్కూల్లో ఏం జరిగింది?" అని అడక్కండి, "ఏం లేదు" అనే జవాబు తప్ప ఇంకేం రాదు. "ఇవాళ మీ క్లాసులో ఎవరు తిట్లు తిన్నారు?" అని అడిగి చూడండి, అన్నం చల్లారిపోయేదాకా చెబుతారు.

పీణ్యలోనో బొమ్మసంద్రలోనో ఫ్యాక్టరీ షిఫ్టుల్లో పనిచేసే వాళ్ళకి ఈ పోలికే వర్తించదు. వారానికోసారి షిఫ్టు మారుతుంటే టైము పెట్టుకుని లాభం లేదు. అలాంటి చోట గంట కొట్టినట్టు జరగక్కర్లేని పని ఒకటి పట్టుకోవాలి. పాల ప్యాకెట్‌కో కూరగాయలకో వెళ్ళేటప్పుడు ఒక్కో రోజు ఒక్కో పిల్లని వెంట తీసుకెళ్ళడం లాంటిది. పొద్దున కుదరకపోతే సాయంత్రం. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో ఒక్కరే నాన్నతో నడిచే ఆ పది నిమిషాలకి చాలా డిమాండ్ ఉంటుంది.

ఏ ఆట?

బోర్డు ఆటలు కొనే ముందు చూడాల్సినవి మూడు: ఆట ఎంతసేపట్లో అవుతుంది, ఎంతమంది ఆడొచ్చు, ఆపి రేపు మళ్ళీ మొదలుపెట్టొచ్చా. బొమ్మల షాపులో డబ్బా మీద రాసి ఉండే వయసు కన్నా ఇవి ముఖ్యం.

వారం మధ్యలో అయితే ఊనో లాంటి చీట్ల ఆట సులువు. పది పదిహేను నిమిషాల్లో ఒక రౌండ్ అయిపోతుంది, ఏడేళ్ళ పిల్లా అరవై ఏళ్ళ తాతా ఒకే రూల్స్‌తో ఆడతారు. కానీ అందులో మాటలు తక్కువ. రంగు, నంబరు చూసి వేయడమే.

అష్టాచమ్మా దీనికి పూర్తిగా వేరు. ఐదు గళ్ళు అడ్డం, ఐదు గళ్ళు నిలువు గీస్తే పట్టం తయారు. నలుగురు ఆడొచ్చు. నాలుగు గవ్వలు కావాలి. నాలుగూ వెల్లకిలా పడితే చమ్మా, అంటే నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్టా, అంటే ఎనిమిది. గవ్వలు లేకపోతే చింతపిక్కల్ని ఒకవైపు తెల్లగా అయ్యేదాకా గరుకు నేల మీద అరగదీస్తే సరి. పైసా ఖర్చు లేదు. ఆ అరగదీయడమే పిల్లలకి ఒక సాయంత్రం పని. దీన్నే కన్నడిగులు చౌకాబారా అంటారు కాబట్టి పక్కింటి పిల్లలు కూడా వచ్చి కూర్చుంటారు, రూల్స్ మీద చిన్న గొడవ మాత్రం తప్పదు. ఇబ్బందల్లా ఇది ఒకపట్టాన తెమలదు. అందుకని నేల మీద సుద్దముక్కతో గీయకుండా పాత అట్ట మీద గీయండి. తొమ్మిదిన్నరకి కాయలు ఎక్కడివక్కడ ఉంచి, అట్టని అలాగే బీరువా మీద పెట్టేస్తే రేపు అక్కణ్ణుంచి ఆడొచ్చు. కాయల్ని చంపుకునే ఆట కదా, పగలూ ప్రతీకారాలూ మర్నాటికి వాయిదా పడతాయి. నోరు ఎక్కువ పనిచేసే ఆట ఇది, అదీ తెలుగులో. బడిలో ఇంగ్లీషు, గేటు బయట కన్నడ, హిందీ మాట్లాడే పిల్లలు ఇంట్లో గట్టిగా తెలుగులో దెబ్బలాడుకునే సందర్భం అంటూ ఒకటి ఉండాలి. నా ఓటు దీనికే.

పదేళ్ళు దాటిన, నలుగురిలో కలవడానికి ఇష్టపడని పిల్లాడు ఉంటే పులి-మేక మంచిది. ఇద్దరే ఆడాలి. మూడు పులులు, పదిహేను మేకలు. పులులు మేకల్ని దూకి చంపాలి, మేకలు పులుల్ని కదలనివ్వకుండా చుట్టుముట్టాలి. మాట్లాడక్కర్లేదు, ఎదురెదురుగా కూర్చుంటే చాలు. ఆ వయసు పిల్లలకి తండ్రి దగ్గర అదే సుఖంగా ఉంటుంది. వైకుంఠపాళి మరీ చిన్నవాళ్ళకి సరే, ఎనిమిదేళ్ళు దాటితే విసుగు.

ఫోన్‌లో ఆడే లూడో సంగతి అడుగుతారేమో. ఊళ్ళో ఉన్న అమ్మమ్మతో ఆడటానికైతే బాగుంటుంది. పక్కనే కూర్చున్న వాళ్ళతో ఫోన్‌లో ఆడటం నాకు అర్థం కాని విషయం.

ఇంట్లో ఆటా, కిందికి దిగడమా?

ఐదు నుంచి పదిహేడేళ్ళ పిల్లలకి రోజుకి సగటున 60 నిమిషాలు ఒళ్ళు అలిసే ఆట కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో చెప్పింది. బడిలోనో బస్సులోనో కూర్చునే గడిపిన పిల్లాణ్ణి సాయంత్రం మళ్ళీ కూర్చోబెట్టి బోర్డు ఆట ఆడించడం కన్నా కిందికి తీసుకెళ్ళి షటిల్ ఆడటం నయం. అపార్ట్‌మెంట్ అయితే కోర్టు బుకింగ్ కోసం వాట్సాప్ గ్రూపులో పోట్లాడే బదులు కార్లు తిరగని మూల ఒకటి చూసుకోండి. మధ్యలో నెట్ కట్టకపోయినా నష్టం లేదు. సొంత ఇళ్ళ వీధుల్లో ఉండేవాళ్ళకి వార్డు పార్కులున్నాయి. తెరిచి ఉండే వేళలు ముందే కనుక్కుని వెళ్ళండి. ఏప్రిల్, మే నెలల్లోనూ సెప్టెంబర్, అక్టోబర్‌లోనూ సాయంత్రం వానలు పడే ఊరు కాబట్టి ఆ నెలల్లో అష్టాచమ్మా అట్ట బయటికి తీయండి.

ఒక్క జాగ్రత్త. పిల్లల్ని కిందికి పంపించి తను బెంచీ మీద ఫోన్ చూసుకునే పెద్దమనిషి కలిసి ఆడినట్టు కాదు. పిల్లలకి ఈ తేడా బాగా తెలుసు.

ఆదివారం పొద్దున: కబ్బన్ పార్కా, లాల్‌బాగా?

రెండూ ఊరి నడిబొడ్డున ఉన్నవే, పాతవే. హైదర్ అలీ 1760లో మొదలుపెట్టిన తోట లాల్‌బాగ్, దాదాపు 240 ఎకరాలు. కబ్బన్ పార్కు 1870 నాటిది, సుమారు 300 ఎకరాలు. ఏది బాగుంటుందని అడిగితే ముందు మీ ఇల్లు ఎక్కడో చెప్పమంటాను.

వైట్‌ఫీల్డ్, మహదేవపుర, కేఆర్ పురం వైపు ఉంటే కబ్బన్ పార్కు. 2023 అక్టోబర్‌లో పర్పుల్ లైన్ పూర్తిగా తెరిచాక కాడుగోడి నుంచి కబ్బన్ పార్క్ స్టేషన్‌కి రైలు మారకుండా వెళ్ళొచ్చు. ఎలక్ట్రానిక్ సిటీ, బొమ్మసంద్ర వైపు ఉంటే లాల్‌బాగ్. 2025 ఆగస్టులో మొదలైన ఎల్లో లైన్‌లో ఆర్‌వీ రోడ్డు దాకా వచ్చి, గ్రీన్ లైన్ ఎక్కితే మూడో స్టేషనే లాల్‌బాగ్. ట్రాఫిక్ జాములకి పేరుమోసిన సిల్క్ బోర్డ్ జంక్షన్ని పైనుంచి చూసుకుంటూ దాటడం దానికదే ఒక వినోదం. ఆదివారాల్లో మెట్రో మామూలుగా ఉదయం 7 గంటలకి గానీ మొదలవదు, ఆ లెక్కన బయల్దేరండి. కారులో వెళ్తే నడిపేవాళ్ళకి టెన్షన్, మిగతావాళ్ళకి కునుకు. రైల్లో నలుగురూ మెలకువగా ఉంటారు, మాట్లాడుకుంటారు.

దూరం రెండింటికీ ఒకటే అయితే పిల్లల వయసు చూడండి. ఆదివారాలు కబ్బన్ పార్కు లోపలి రోడ్ల మీద వాహనాలు రానివ్వరు. సైకిల్, స్కేటింగ్ నేర్చుకునే వయసు పిల్లలుంటే ఈ ఊళ్ళో అంత విశాలమైన ఖాళీ రోడ్డు ఇంకోచోట దొరకడం కష్టం. బాల భవన్‌లో బొమ్మ రైలుంది. వాన పడితే పక్కనే కస్తూర్బా రోడ్డులో 1962లో తెరిచిన విశ్వేశ్వరయ్య మ్యూజియం, అందులో రైట్ సోదరుల విమానం నమూనా ఉంది. ఇంజన్లు, గేర్లు స్విచ్ నొక్కి తిప్పి చూడొచ్చు కాబట్టి నాన్నలు పిల్లల కన్నా ఎక్కువసేపు అక్కడే నిలబడిపోతారు.

పెద్దవాళ్ళు వెంట ఉంటే, లేదా నెమ్మదిగా నడిచే కుటుంబమైతే లాల్‌బాగ్ హాయి. చెట్లు, చెరువు, గాజు భవనం, మూడు వందల కోట్ల ఏళ్ళ నాటిదని చెప్పే రాతి గుట్ట. గుట్ట ఎక్కితే పైన కెంపేగౌడ కట్టించిన బురుజు. జనవరి, ఆగస్టు పూల ప్రదర్శనలప్పుడు మాత్రం సెలవు రోజున వెళ్ళకండి. పూల కన్నా జనం తలలే ఎక్కువ కనిపిస్తాయి. మామూలు రోజు పొద్దున తెరవగానే వెళ్తే అదే ప్రదర్శన ప్రశాంతంగా చూడొచ్చు. ఒక్క పూట సెలవు పెట్టడానికి ఇది తగిన కారణమే.

టిఫిన్ మోసుకెళ్ళొద్దు. లాల్‌బాగ్ దాకా వెళ్ళి ఎంటీఆర్ టిఫిన్ హోటల్ క్యూలో గంట నిలబడటమూ దండగే. స్టేషన్ దారిలో కనిపించిన ఏ దర్శినిలోనైనా (నిలబడి తినే చిన్న టిఫిన్ హోటల్) ఇడ్లీ వడ, కాఫీ బాగానే ఉంటాయి. అమ్మకి వంటింటి పని పడని ఆదివారం పొద్దున అంటే ఇంట్లో అందరి మూడ్ ఎలా ఉంటుందో ఒకసారి చూడండి.

మాల్, సినిమా

త్వరగా చెప్పేస్తాను. కొత్త తెలుగు సినిమా అంటే అది వేరే పండగ, దానికి సలహా అక్కర్లేదు. ఊరికే కాలక్షేపానికైతే మల్టీప్లెక్స్‌లో నలుగురికి టికెట్లు, పాప్‌కార్న్ కలిపి రెండు వేలు దాటడం మామూలే. రెండున్నర గంటలు చీకట్లో ఎవరూ ఎవరితో మాట్లాడరు. ఇంట్లో ఓటీటీలో చూడటం దీనికన్నా మేలు, మధ్యలో ఆపి నవ్వుకోవచ్చు, పోట్లాడుకోవచ్చు. కాకపోతే ఏ సినిమానో శుక్రవారమే తేల్చుకోండి. శనివారం రాత్రి రిమోట్ పట్టుకుని వెతకడం మొదలుపెడితే ఎంపిక అయ్యేసరికి పిల్లలు పడుకుంటారు.

నాటకం సంగతి కూడా చెప్పాలి. జేపీ నగర్‌లోని రంగశంకరలో పిల్లల నాటకాలు వేస్తుంటారు. కన్నడ, ఇంగ్లీషు ఏదైనా పిల్లలకి అందుతుంది. టైము దాటితే తలుపు తీయరు, ఎంత బతిమాలినా సరే. ట్రాఫిక్ సాకు చెప్పడం అలవాటైన కుటుంబాలు ముందే తెలుసుకుని బయల్దేరాలి.

ఊరు దాటాలంటే: నందికొండా, లేపక్షా?

రెండు నెలలకో మూడు నెలలకో ఒక రోజంతా బయట తిరగాలనిపిస్తుంది. బెంగళూరు కుర్రకారు అలవాటు ప్రకారం అందరికీ ముందు గుర్తొచ్చేది నందికొండ. 60 కిలోమీటర్లు, 1,478 మీటర్ల ఎత్తు, సూర్యోదయం, మబ్బులు. ఫోటోల్లో బ్రహ్మాండం. శని, ఆదివారాల్లో కొండ కింద కార్ల బారు చూశాక ఆ మోజు తగ్గుతుంది. పిల్లల్ని రాత్రి మూడింటికి లేపి, స్వెట్టర్లు తొడిగి, కారులో కుక్కి తీసుకెళ్తే మీరింకా క్యూలో ఉండగానే సూర్యుడు వచ్చేస్తాడు. వెళ్ళాలనుంటే మామూలు పనిదినం నాడు వెళ్ళండి. ఆదివారమే కుదిరితే కొండెక్కకుండా కింద నంది ఊళ్ళో ఉన్న భోగనందీశ్వరుడి గుడికి వెళ్ళండి. చెక్కడం పనితనం, మెట్ల కోనేరు, కూర్చోవడానికి చల్లటి మంటపాలు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకి కొండ కన్నా ఇదే నయం.

పిల్లలకి ఏడెనిమిదేళ్ళు దాటితే నేను లేపక్షికి ఓటేస్తాను. దూరం రెట్టింపు, దాదాపు 120 కిలోమీటర్లు. అయినా హైదరాబాద్ హైవే మీద బాగేపల్లి దాటి, కొడికొండ చెక్‌పోస్ట్ దగ్గర ఎడమకి తిరిగితే సరిపోతుంది, దారి సాఫీగా ఉంటుంది. పదహారో శతాబ్దపు వీరభద్రుడి గుడి. నేలకి ఆనని స్తంభం కింద నుంచి బట్ట దూర్చి అవతలికి లాగడం పిల్లలకి పెద్ద పని. పైకప్పు మీద విజయనగర కాలం బొమ్మలు, ఏడు పడగల నాగలింగం, సగంలో ఆగిపోయిన కల్యాణ మంటపం. కొంచెం దూరంలో ఒకే రాతిలో చెక్కిన బసవన్న. ఏడు గంటలకి బయల్దేరితే సాయంత్రం నాలుగింటికి ఇల్లు చేరొచ్చు.

లేపక్షికి నా ఓటు వెనక ఇంకో కారణముంది. రాష్ట్రం సరిహద్దు దాటగానే బోర్డులన్నీ తెలుగులో ఉంటాయి. బెంగళూరులో పుట్టి పెరిగిన పిల్లలు కారు కిటికీలోంచి అక్షరం అక్షరం కూడబలుక్కుని ఊళ్ళ పేర్లు చదవడం మొదలుపెడతారు. తెలుగు క్లాసుకి పంపిస్తే ఏడ్చే పిల్లలు కూడా పోటీపడి చదువుతారు. నందికొండ దారిలో ఈ అవకాశం లేదు. తిరుగు ప్రయాణం మాత్రం ఆదివారం సాయంత్రం ఐదు దాటాక పెట్టుకోకండి. ఊరెళ్ళిన వాళ్ళంతా ఆ వేళకే దేవనహళ్ళి, హెబ్బాళ మీదుగా తిరిగొస్తుంటారు.

తాతయ్య, నాన్నమ్మ వచ్చినప్పుడు

వీళ్ళు వచ్చినప్పుడు చాలామంది చేసే పని ఆదివారం మాల్ చూపించడం. ఎస్కలేటర్ దగ్గర ఆవిడ భయపడటం, ఫుడ్ కోర్టులో ఆయనకి ఏదీ సయించకపోవడం, అంతే. పెద్దవాళ్ళకి అసలు కావలసింది వారం మధ్యలో మనుషులు. పగలంతా ఇద్దరే ఫ్లాట్‌లో ఉంటారు, పక్కింటి వాళ్ళ భాష రాదు. సాయంత్రం పిల్లల్ని బస్సు స్టాపు నుంచి తీసుకొచ్చే పని, రాత్రి కథ చెప్పే పని వాళ్ళకి అప్పగిస్తే పిల్లలకీ వాళ్ళకీ రెండు వైపులా గడుస్తుంది. వంట మాత్రం అప్పగించకండి. "అత్తయ్య చేస్తానన్నారు కదా" అంటూ మొదలయ్యేది ఊరెళ్ళే రోజుకి నడుం నొప్పితో ముగుస్తుంది.

వాళ్ళని కార్తీక మాసంలో రప్పించుకోగలిగితే బసవనగుడి కడలేకాయి పరిషె, అంటే వేరుశనగకాయల జాతర, చూపించండి. కార్తీకం చివరి సోమవారం దొడ్డ బసవన్న గుడి వీధి పొడుగునా వేరుశనగకాయల రాశులు పోస్తారు. ఈమధ్య ఒక్క రోజుతో ఆగకుండా కొన్ని రోజులు సాగుతోంది. ఉపవాసం ఉండే నాన్నమ్మకి దర్శనం, రాయలసీమలో వేరుశనగ పండించిన తాతయ్యకి కాయ నలిపి రకం చెప్పే అవకాశం, పిల్లలకి రంగులరాట్నం, బుడగలు. గ్రీన్ లైన్‌లో నేషనల్ కాలేజ్ స్టేషన్‌లో దిగితే నడిచి వెళ్ళొచ్చు, ఆటో కూడా దొరుకుతుంది. ఆరు దాటితే తొక్కిడి మొదలవుతుంది. ఆఫీసులో సగం రోజు సెలవు పెట్టి మూడింటికల్లా చేరుకోండి, శనగకాయల బేరం తాతయ్యకి వదిలేయండి.